అయిదు నానోమీటర్ల పొర

పరిశోధక విద్యార్థిగా చేరిన మొదటి ఏడాదిలో నేను సొంతంగా తయారు చేసిన తొలి కర్బన సౌర ఘటాలను కృత్రిమ సూర్యకాంతి దీపం కింద పెట్టి కొలిచినప్పుడు, కంప్యూటరు తెర మీద వోల్టేజికీ కరెంటుకీ మధ్య గీత రావలసిన ఆకారంలో రాలేదు. మోకాలి దగ్గర మడిచినట్టు ఒక్కచోట వంగి నిటారుగా కిందికి దిగవలసిన ఆ గీత, మధ్యలో నడుం విరిగినట్టు కుంగి, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మెలి తిరిగింది. పన్నెండు ఘటాలకు పన్నెండూ అలాగే ఉన్నాయి. పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్న సీనియర్ ఒకాయన వచ్చి తెర వైపు ఒక్కసారి చూసి, "కాంతిని పీల్చే పొరలో తప్పేమీ కనిపించడం లేదు, నీ పీఈఐఈ ద్రావణాన్ని ఎంత పలచన చేశావో లెక్క చూసుకో" అన్నారు. చూసుకున్నాను. దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగింది. పీఈఐఈ అనేది ఎలక్ట్రోడ్ మీద పలచగా పూసే ఒక పాలిమర్; 0.4 శాతం ఉండవలసిన ఆ పాలిమర్ 4 శాతం ఉంది, దానివల్ల కొద్ది నానోమీటర్లు ఉండవలసిన పొర దానికి ఎన్నో రెట్ల మందం తేలింది.

ఆ పొర కాంతిని పీల్చుకోదు, కరెంటును పుట్టించదు, విడిగా చూస్తే అది విద్యుత్ బంధకం. అయినా అది సరిగా లేకపోతే మిగిలిన పొరలన్నీ ఎంత బాగా కుదిరినా ఘటం పనికి రాదు. ఆ రోజు నుంచి నా పని చాలా వరకు ఈ సరిహద్దు పొరల చుట్టూనే తిరిగింది కనుక, పాలిమర్‌తో చేసే ఈ పలచని పూత దక్షతను ఎలా పెంచుతుందో, అలా పెరిగిందని చెప్పే అంకెలను ఎంత జాగ్రత్తగా చదవాలో ఇక్కడ రాస్తున్నాను.

పేరు గురించి ముందుగా ఒక మాట. ఆర్గానిక్ అనగానే మన పత్రికలు సేంద్రియ అని రాస్తాయి, సేంద్రియ అనగానే ఇంట్లోవాళ్లకు వర్మీ కంపోస్టు గుర్తుకు వస్తుంది. మా పెద్దనాన్న చాలా కాలం పాటు నేను ఎరువుల మీద పరిశోధన చేస్తున్నాననే అనుకున్నారు. అందుకని ఇంటర్మీడియెట్ పాఠ్యపుస్తకాలలో ఉన్న "కర్బన" అన్న మాటనే వాడుతున్నాను.

సిలికాన్‌లో కాంతి పడిన వెంటనే ఎలక్ట్రానూ, అది ఖాళీ చేసిన చోటైన హోలూ దాదాపు స్వేచ్ఛగా విడిపోతాయి, ఎందుకంటే సిలికాన్ రోధక స్థిరాంకం 12కు దగ్గరగా ఉండి వాటి మధ్య ఆకర్షణను బాగా తగ్గిస్తుంది. కర్బన పదార్థాలలో ఆ విలువ 3 నుంచి 4 మాత్రమే. అందువల్ల ఎలక్ట్రాన్, హోల్ ఒకదాన్నొకటి పట్టుకుని ఎక్సైటాన్ అనే జంటగా ఉండిపోతాయి, ఆ జంట సుమారు పది నానోమీటర్ల దూరం తిరిగేలోపు విడిపోకపోతే కలిసిపోయి నశిస్తుంది. 1986లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు వేర్వేరు కర్బన పదార్థాలను ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి, వాటి సరిహద్దు దగ్గర ఈ జంటను విడదీసి సుమారు 1 శాతం దక్షత సాధించారు. 1992లో సరిచిఫ్ట్‌చి, హీగర్, వుడుల్ బృందం వాహక పాలిమర్ నుంచి, బంతిలా ముడుచుకున్న కార్బన్ అణువైన ఫుల్లరీన్‌కు ఎలక్ట్రాన్ అత్యంత వేగంగా దూకుతుందని చూపింది. 1995లో హీగర్ బృందమే ఆ రెండు పదార్థాలనూ ఒకే ద్రావణంలో కలిపి, ఒకే పొరగా పరచి, ఎక్కడ జంట పుట్టినా పది నానోమీటర్ల లోపే ఒక సరిహద్దు దొరికేలా చేసింది. ఈనాటి కర్బన ఘటాలలో అధిక భాగం ఈ మిశ్రమ పద్ధతినే అనుసరిస్తాయి.

అయితే ఈ మిశ్రమం ఒక సమస్యను పరిష్కరిస్తూ మరొక సమస్యను తెచ్చింది, సరిహద్దు పొరల అవసరం అక్కడే మొదలవుతుంది. టాంగ్ ఘటంలో ఒక పదార్థం ఒక ఎలక్ట్రోడ్ వైపు, రెండోది రెండో ఎలక్ట్రోడ్ వైపు ఉండేవి కనుక ఎలక్ట్రాన్ ఎటు పోవాలో నిర్మాణమే చెప్పేది. కలిపి పరచిన పొరలో రెండు పదార్థాలూ రెండు ఎలక్ట్రోడ్లనూ తాకుతాయి, పొరకు తనదంటూ దిశ ఉండదు. వరి మడిలో నీరు అంతటా ఒకే మట్టంలో నిలిచి ఉన్నప్పుడు అది ఎటు పారాలో మడి నిర్ణయించదు, గట్టులో తూము ఎక్కడ పెట్టామో అది నిర్ణయిస్తుంది. ఇక్కడ తూము పని సరిహద్దు పొరది. ఒక ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లకు దారి ఇచ్చి హోళ్లను ఆపాలి, రెండో ఎలక్ట్రోడ్ దగ్గర దానికి తిరగబడిన పని జరగాలి.

దీన్ని అంకెలలో చెప్పాలంటే పని ప్రమేయం అనే రాశి కావాలి. ఒక లోహం ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి అది. గాజు మీద పూసి వచ్చే పారదర్శక వాహకం ఐటీఓకు ఆ విలువ సుమారు 4.6 ఎలక్ట్రాన్ వోల్టులు, అల్యూమినియానికి సుమారు 4.3. ఈ రెంటి మధ్య తేడా చాలా తక్కువ. మిశ్రమం లోపల 0.8 వోల్టులు పుట్టే అవకాశం ఉన్నా, రెండు చివరల మధ్య తేడా 0.3 మాత్రమే ఉంటే మిగిలినది బయటికి రాదు, లోపలి విద్యుత్ క్షేత్రం బలహీనపడి, ఎలక్ట్రాన్లు, హోళ్లు బయటికి పోయేలోపు ఒకదానితో ఒకటి కలిసి నశిస్తాయి. ఒక వైపు పని ప్రమేయాన్ని పెంచి మరొక వైపు తగ్గించడం తప్ప మార్గం లేదు.

పెంచే వైపు పెడాట్-పీఎస్‌ఎస్ అనే పాలిమర్ మిశ్రమం ఎప్పటి నుంచో ఉంది. నీటిలో కలిసే ముదురు నీలం ద్రవం అది, దాని పని ప్రమేయం సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టులు, పూత కూడా నునుపుగా వస్తుంది. దాని దోషాలు కూడా అందరికీ తెలిసినవే: అది గట్టి ఆమ్లం, ఐటీఓను మెల్లగా తింటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తగ్గించే వైపు మొదట్లో వాడినది కాల్షియం. పని ప్రమేయం 2.9 కనుక కాగితం మీద అది చాలా మంచి ఎంపిక, కానీ గ్లోవ్ బాక్సు లోపల నైట్రోజన్ కాస్త అటూ ఇటూ అయినా, హైదరాబాదు ఆగస్టు తేమ ఒక్క నిమిషం తగిలినా, వెండిలా మెరిసే ఆ పొర తెల్లని సున్నంగా మారిపోతుంది. లిథియం ఫ్లోరైడ్‌ను ఒక నానోమీటరు కన్నా తక్కువ మందంలో వేసి పైన అల్యూమినియం వేయడం మరొక పద్ధతి. ఈ రెంటినీ అధిక శూన్యంలో ఆవిరి చేసి పూయాలి, అంటే ద్రావణంతో చౌకగా ముద్రించవచ్చన్న కర్బన ఘటాల అసలు ఆకర్షణ అక్కడే పోతుంది.

ద్రావణంతో పూయగలిగి, పని ప్రమేయాన్ని తగ్గించగల పాలిమర్ కోసం వెతుకులాటలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పీఎఫ్‌ఎన్. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న సౌత్ చైనా సాంకేతిక విశ్వవిద్యాలయంలో యోంగ్ కావ్ బృందం దీన్ని మొదట కాంతినిచ్చే డయోడ్ల కోసం వాడి, తరువాత సౌర ఘటాలకు తెచ్చింది. దీని వెన్నెముక ఫ్లోరీన్ (ఫ్లోరిన్ మూలకం కాదు, ఒక కర్బన సమ్మేళనం) వలయాల గొలుసు, మీద పడిన అతినీలలోహిత కాంతికి ద్రావణం నీలంగా మెరుస్తుంది. ఆ వెన్నెముక నుంచి పక్కలకు వేలాడే చిన్న గొలుసుల చివర నైట్రోజన్ ఉన్న అమైన్ సమూహాలు ఉంటాయి. ఈ అమైన్ల వల్ల రెండు ప్రయోజనాలు కలుగుతాయి. మొదటిది పైకి సాధారణంగా కనిపించినా చాలా విలువైనది: కొద్ది చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపితే పాలిమర్ మిథనాల్‌లో కరుగుతుంది, దాని కింద ఉన్న కాంతి పొర మాత్రం మిథనాల్‌లో కరగదు. ఒక పొర మీద మరొక ద్రావణం పోసినప్పుడు కింది పొర చెదరకుండా ఉండడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు, అందుకే వెనిగర్ వాసన వచ్చే ఆ సీసా మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

రెండో ప్రయోజనం అసలు భౌతికశాస్త్రం. నైట్రోజన్ మీద ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట లోహం వైపో ఆక్సైడ్ వైపో కొంత ఒరుగుతుంది. దానితో ఉపరితలం మీద ధన, రుణ ఆవేశాలు పలచని పలకలుగా ఎదురెదురుగా నిలిచి, ఒక ద్విధ్రువాల పొర ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ ఆ ద్విధ్రువాలను దాటి బయటికి రావడానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది, అదే పని ప్రమేయం తగ్గడం. లోహం మారలేదు, దాని చర్మం మాత్రం మారింది.

2012లో ఇదే బృందం నేచర్ ఫోటోనిక్స్ పత్రికలో ప్రచురించిన ఘటంలో పీఎఫ్‌ఎన్‌ను ఐటీఓ మీదే వేసి, ఘటాన్ని తలకిందులు చేసింది: ఎలక్ట్రాన్లు కింది ఐటీఓ నుంచి, హోళ్లు పై లోహం నుంచి బయటికి వస్తాయి. కాంతి పొరకు పీటీబీ7 అనే పాలిమర్‌నూ, ఫుల్లరీన్ ఉత్పన్నాన్నీ వాడారు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే కరెంటు తీయనప్పుడు ఘటం ఇచ్చే వోల్టేజి, 0.754 వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 17.46 మిల్లీ ఆంపియర్ల కరెంటు, ఫిల్ ఫ్యాక్టర్, అంటే ఆ రెంటి లబ్ధంలో నిజంగా చేతికి వచ్చే వంతు, 0.70. మూడింటినీ గుణిస్తే 9.2 మిల్లీ వాట్లు వస్తాయి. ప్రామాణిక సూర్యకాంతి చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీ వాట్లు కనుక అదే 9.2 శాతం దక్షత. 2010లో ఇదే పీటీబీ7 మొదట వెలువడినప్పుడు దక్షత 7.4 శాతం. కాంతిని పీల్చే పాలిమర్ మారకుండానే, దాని చుట్టూ ఉన్న నిర్మాణం మారడం వల్ల ఇంత తేడా రావడం అప్పట్లో చాలామంది దృష్టిని సరిహద్దు వైపు తిప్పింది.

ఇలాంటి ఫలితం చదివేటప్పుడు నేను మొత్తం దక్షతను కాకుండా ఆ మూడు అంకెలలో ఏది కదిలిందో మొదట చూస్తాను. వోల్టేజి పెరిగితే ద్విధ్రువం తన పని చేసిందని అర్థం. ఫిల్ ఫ్యాక్టర్ పెరిగితే బయటికి పోయే దారిలో అడ్డు తగ్గింది. కరెంటు పెరిగితే మాత్రం కొంచెం అనుమానించాలి, ఎందుకంటే పారదర్శకమైన అయిదు నానోమీటర్ల పొర కొత్తగా కాంతిని పట్టి తీసుకురాలేదు. ఘటం లోపల కాంతి అలలు నిలిచే తీరు మారి ఉండాలి, లేదా అంతకు ముందు నశిస్తున్న ఆవేశాలు ఇప్పుడు బయటికి వస్తూ ఉండాలి, లేదా కొలతలో ఘటం వైశాల్యాన్ని సరిగా తీసుకోలేదు. మూడోది మనం ఒప్పుకునే దానికన్నా ఎక్కువసార్లు జరుగుతుంది.

నా దశాంశ బిందువు కథలోని పీఈఐఈ కూడా 2012లోనే వచ్చింది. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో బెర్నార్డ్ కిప్పెలెన్ బృందం, యిన్‌హువా జౌ తొలి రచయితగా, సైన్స్ పత్రికలో దీన్ని ప్రకటించింది. పీఎఫ్‌ఎన్‌ను ప్రయోగశాలలో అంచెలంచెలుగా సంశ్లేషించాలి, పీఈఐఈ మాత్రం పరిశ్రమలలో పెద్ద మొత్తాలలో తయారయ్యే మామూలు సరుకు. నీటిలో 35 నుంచి 40 శాతంగా చిక్కని జిగురులా వస్తుంది. దాన్ని మెథాక్సీ ఇథనాల్‌తో 0.4 శాతానికి పలచన చేసి, నిమిషానికి 5000 చుట్లు తిరిగే పళ్లెం మీద పూసి, 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెడితే చాలు. ఐటీఓ పని ప్రమేయం దాదాపు ఒక ఎలక్ట్రాన్ వోల్టు తగ్గి 3.6 దగ్గరకు వస్తుంది. ఐటీఓ ఒక్కటే కాదు, వెండి, బంగారం, చివరికి హోళ్ల కోసం పుట్టిన పెడాట్-పీఎస్‌ఎస్ సైతం ఈ పూతతో ఎలక్ట్రాన్లను తీసుకునే ఎలక్ట్రోడ్‌గా మారింది, రెండు ఎలక్ట్రోడ్లూ పాలిమర్లే అయిన ఘటాన్ని ఆ పత్రంలోనే చూపించారు.

ఈ పాలిమర్‌లో వెన్నెముక వెంట ఎలక్ట్రాన్ నడిచే దారి ఏదీ లేదు. ఎలక్ట్రాన్ దాన్ని దాటేది టన్నెలింగ్ వల్లే, అంటే పొర తగినంత పలచన కనుక అడ్డుగోడ గుండా దూరిపోగలగడం వల్లే. ఆ దూరిపోయే అవకాశం మందంతో పాటు ఘాతీయంగా పడిపోతుంది. నేను చేసిన మందమైన పొర దగ్గర ఎలక్ట్రాన్లు గుంపుగా నిలిచిపోయి, తమ వెనుక వచ్చేవాటిని ఆపాయి, తెర మీద ఎస్ అక్షరం అలా వచ్చింది. ఇంకొక వైపు, మరీ పలచన చేస్తే ఐటీఓ మీద ఉన్న ఎత్తుపల్లాలే కొన్ని నానోమీటర్లు కనుక పూత అక్కడక్కడా తెగి, హోళ్లకు దొంగదారి దొరుకుతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న జాగా చాలా ఇరుకు.

ఇక్కడ ఒక విషయాన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా పత్రాలలో దాన్ని దాటవేస్తారు. 2013లో అమెరికాలో శాంటా బార్బరాలోని హీగర్, బజాన్ బృందాలు పీటీబీ7 పొర మీద పాలిమర్ ఏదీ లేకుండా ఒట్టి మిథనాల్ పోసి తిప్పి చూశాయి. దక్షత పెరిగి దాదాపు 8 శాతం దాకా చేరింది. ఉపరితలాన్ని కడగడం, లోపల మిగిలిపోయిన ద్రావకాలను లాగేయడం, ఆవేశాలను పట్టి ఉంచే ఉచ్చులను తగ్గించడం వంటివి ఆల్కహాల్ ఒక్కటే చేయగలదు. అంటే "మా కొత్త పాలిమర్ వేశాం, దక్షత ఇంత పెరిగింది" అన్న వాక్యంలో కొంత భాగం ఆ పాలిమర్‌ను మోసుకొచ్చిన ద్రావణికి చెందుతుంది. ఒట్టి ద్రావణితో చేసిన ఘటాలను పక్కన చూపించని పత్రాన్ని నేను సగం నమ్మకంతోనే చదువుతాను. మా సొంత ఫలితాలలో ఒకసారి, ఎంతో గర్వంగా చార్టులో పెట్టుకున్న పెరుగుదలలో సగానికి పైగా మిథనాల్‌ది అని తేలింది. ఆ చార్టును సరిదిద్దడానికి పట్టిన వారం నాకు ఏ కోర్సూ నేర్పనిది నేర్పింది.

2015 తరువాత కాంతి పొర మారిపోవడంతో ఈ పొరలన్నీ మళ్లీ పరీక్షకు నిలిచాయి. ఆ ఏడాది షావ్‌వే జాన్ బృందం ఐటిక్ అనే ఫుల్లరీన్ కాని గ్రాహకాన్ని (ఎలక్ట్రాన్లను తీసుకునే పదార్థాన్ని) ప్రకటించింది, 2019లో యింగ్‌పింగ్ జో బృందం వై6 అనే మరో గ్రాహకాన్ని తెచ్చి 15.7 శాతం దక్షత చూపింది, ఆ తరువాత ఈ కుటుంబంలో దక్షతలు 19 శాతాన్ని దాటాయి. ఈ అణువుల మధ్య భాగం ఎలక్ట్రాన్లను ఇచ్చేది, రెండు చివరలూ లాగేవి, వాటిని కలిపేది కర్బన ద్విబంధం. ఎలక్ట్రాన్లు తక్కువైన ఆ ద్విబంధం మీద పీఈఐఈలోని అమైన్ దాడి చేసి అతుక్కుంటుంది. మధ్యకూ చివరకూ ఉన్న సంబంధం తెగిపోయి, ఆ అణువు ఇక సూర్యకాంతిలో తన వాటాను పీల్చలేదు. రెంటినీ ఒక గాజు సీసాలో కలిపితే ముదురు నీలం రంగు వెలిసిపోవడం కంటితోనే చూడవచ్చు. ఫుల్లరీన్‌తో ఏళ్ల తరబడి ఎదురులేకుండా పని చేసిన పొర, కొత్త అణువుల పక్కన వాటినే తినేసింది. దక్షతను పెంచిన ఒంటరి ఎలక్ట్రాన్ జంటే ఈ చేటుకూ కారణం, దాన్ని పూర్తిగా తీసేస్తే ద్విధ్రువమూ బలహీనపడుతుంది.

దీనికి రెండు రకాల సమాధానాలు వచ్చాయి. ఒకటి అమైన్ చేతులు కట్టేయడం. పాలిమర్‌కు జింకు అయాన్లను కలిపితే నైట్రోజన్లు ఆ అయాన్లను పట్టుకుని, పక్కనున్న గ్రాహకం జోలికి పోవు, యిన్‌హువా జౌ బృందమే తరువాత వూహాన్‌లో ఈ దారిని ఎంచుకుంది. నైట్రోజన్‌కు నాలుగో గొలుసును తగిలించి అమ్మోనియం లవణంగా మార్చే పీఎఫ్‌ఎన్-బ్రోమైడ్ కూడా ఇదే తరహా ఆలోచన, ఒంటరి జంట ఇక ఒంటరిగా ఉండదు. జింకు ఆక్సైడ్ వాడుకుంటే సరిపోదా అని అడగవచ్చు, కానీ అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు అది ఉత్ప్రేరకంగా మారి ఇవే గ్రాహకాలను ఛేదిస్తుందని తెలిసింది.

రెండో సమాధానం నాకు ఎక్కువ నచ్చినది: విద్యుత్ బంధకాన్ని వదిలి, ఎలక్ట్రాన్ నిజంగా నడవగలిగే వెన్నెముకను వాడడం. గ్వాంగ్‌జౌ బృందమే నాఫ్తలీన్ డైఇమైడ్ వలయాలతో పీఎన్‌డీఐటీ-ఎఫ్3ఎన్ అనే పాలిమర్‌ను తయారు చేసింది. పక్క గొలుసుల చివర ఉన్న అమైన్లు ఇక్కడ బయటి పదార్థం మీదికి పోవడానికి బదులు తమ సొంత వెన్నెముకకే కొంత ఎలక్ట్రాన్‌ను ఇచ్చి, దాన్ని వాహకంగా మారుస్తాయి. దానివల్ల పొర అయిదు నానోమీటర్లే ఉండాలన్న నిబంధన సడలి, పదుల నానోమీటర్ల మందంలోనూ ఫిల్ ఫ్యాక్టర్ కూలిపోకుండా నిలుస్తుంది.

ప్రయోగశాల రికార్డు పట్టికలో ఈ గుణానికి చోటు లేదు. చదరపు సెంటీమీటరులో పదో వంతు కూడా లేని ఘటం మీద, తిరిగే పళ్లెంతో అయిదు నానోమీటర్ల పూత సమంగా వేయడం సాధ్యమే. అదే పూతను ప్లాస్టిక్ చుట్ట మీద, కదులుతూ పోయే సన్నని చీలిక గుండా ద్రావణాన్ని పోస్తూ, మీటర్ల పొడవునా వేయవలసి వచ్చినప్పుడు, కొన్నిచోట్ల మూడు, మరికొన్నిచోట్ల పన్నెండు నానోమీటర్లు రావడం మామూలే. మూడున్న చోట కారుతుంది, పన్నెండున్న చోట మూసుకుపోతుంది, ఆ రెండూ ఒకే మాడ్యూల్‌లో వరుసగా కలిపి ఉంటే బలహీనమైన ఘటమే మొత్తం కరెంటును నిర్ణయిస్తుంది. అందుకే ఒక శాతం ఎక్కువ దక్షతను ఒకే ఒక్క మందం దగ్గర ఇచ్చే పాలిమర్ కన్నా, అర శాతం తక్కువ ఇచ్చినా అయిదు నుంచి ముప్పై దాకా దాదాపు ఒకేలా పని చేసే పాలిమర్‌కే నా ఓటు.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ప్రతి కొత్త సరిహద్దు పాలిమర్‌కూ అయిదు నిలువు గళ్లు ఉంటాయి: పొర లేని ఘటం, ఒట్టి ద్రావణితో కడిగిన ఘటం, అయిదు, పదిహేను, ముప్పై నానోమీటర్లు. ఒక్కో గడిలో పన్నెండు ఘటాలు, మొదటి రోజు కొలతా నెల రోజుల తరువాత కొలతా పక్కపక్కన. పోయిన వారం వేసిన పొరలో పదిహేను దగ్గర ఫిల్ ఫ్యాక్టర్ 0.72 ఉంది, ముప్పై దగ్గర గీత కొంచెం నడుం వంచుతోంది కానీ ఇంకా ఎస్ అక్షరం కాలేదు. నెల తరువాతి గడి ఇంకా ఖాళీగా ఉంది.